పాత ఫ్లాటును హాయిగా ఉండే ఇల్లుగా మార్చుకోవడం ఎలా: ఏ పని ముందు, ఏ పని వెనక

మా వంటింట్లో కందిపప్పు డబ్బా తీయాలంటే ముందు మిక్సీని పక్కకి జరపాలి. మిక్సీ జరగాలంటే ప్లగ్గు తీయాలి. ప్లగ్గేమో స్టవ్ వెనక గోడకి. వెలుగుతున్న పొయ్యి మీదుగా ఒక చెయ్యి చాచి, కొంగు అంటుకోకుండా ఇంకో చేత్తో పట్టుకుని, ఇరవై ఏళ్ళు ఇలాగే వండాం. మధ్యలో ఒకసారి అదే వంటింటికి మెరిసే ఎర్ర లామినేట్‌తో కొత్త కబోర్డులు కూడా పెట్టించాం. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. ప్లగ్గు మాత్రం అక్కడే ఉండిపోయింది.

రెండోసారి పని మొదలుపెట్టినప్పుడు బుద్ధి వచ్చింది. అందంగా ఉండటం సంగతి తర్వాత, ముందు రోజూ విసిగించేవి పోవాలి అనుకున్నాం. మాది హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు 2002లో కట్టిన అపార్ట్‌మెంట్. ఐదో అంతస్తు, పైన ఇక టెర్రస్సే. 1,100 చదరపు అడుగులు, రెండు పడగ్గదులు, రెండు బాత్రూంలు. నేను, మా ఆయన, హైస్కూల్లో చదివే పాప, 74 ఏళ్ళ అత్తయ్య ఉంటాం. మీది సొంత డాబా అయినా, ఇంకో ఊళ్ళో ఫ్లాటు అయినా పనుల వరుస ఇంచుమించు ఇదే.

ముందు ఒక నోటుబుక్కు

మేస్త్రీని పిలవకముందు ఒక చిన్న నోటుబుక్కు కొని ఫ్రిజ్ మీద పెట్టండి. నెల రోజుల పాటు ఇంట్లో ఎవరికి ఏది విసుగనిపించినా అందులో రాయాలి. పెద్దవాళ్ళు రాయలేకపోతే అడిగి మీరే రాయండి. "ఏం లేదు, బాగానే ఉంది" అంటారు. ఆ మాట నమ్మకండి, వాళ్ళు నడుస్తుంటే చూడండి. మా అత్తయ్య బాత్రూంలోకి వెళ్ళేటప్పుడు వాష్‌బేసిన్ అంచు పట్టుకుని లోపలికి దిగుతోందని నేను నెల రోజులు చూస్తేగానీ గమనించలేదు. గోడకి రెండు స్క్రూలతో వేలాడే బేసిన్ అది.

మా పుస్తకంలో 31 విషయాలు తేలాయి. గీజరూ మైక్రోవేవూ కలిసి వేస్తే కరెంటు ట్రిప్ అవుతోంది. స్నానం నీళ్ళు తలుపు వైపుకి వస్తున్నాయి. మంచం పక్కన ప్లగ్గు లేక ఫోన్ హాల్లో చార్జింగ్. తడి బట్టలు కుర్చీల మీద. మే నెలలో రాత్రి పదకొండింటికి కూడా పడగ్గది పైకప్పు సెగ కక్కుతోంది. బియ్యం బస్తా ఎప్పుడూ కాళ్ళకి అడ్డం. సాయంత్రం ఆరైతే కిటికీలు మూయాలి, లేకపోతే దోమలు. మొత్తం 31లో ఇల్లు చూడ్డానికి బాలేదు అన్నవి మూడే.

నెలాఖరున ప్రతి దాని పక్కనా ఒక మాట రాయండి: నీళ్ళు, కరెంటు, సామాను, వేడి, నడక. దేనికి ఎక్కువ టిక్కులు పడితే మీ డబ్బు అటు పోవాలి. ఈ పట్టిక లేకుండా ఇంటీరియర్ వాళ్ళ దగ్గరికి వెళ్తే వాళ్ళు చూపించే టీవీ యూనిట్ దగ్గర మొదలై టీవీ యూనిట్ దగ్గరే మీ బడ్జెట్ అయిపోతుంది.

పగలగొట్టకూడనివి తెలుసుకోండి

అపార్ట్‌మెంట్లలో బరువంతా పిల్లర్లు, బీములు, స్లాబు మోస్తాయి. వాటిలో ఒక్క అంగుళం కూడా చెక్కడానికి వీల్లేదు. పైపు కోసమో ఏసీ గొట్టం కోసమో బీముకి కన్నం పెడతానంటే ఒప్పుకోకండి. గదుల మధ్య ఉండే నాలుగున్నర అంగుళాల గోడలు సాధారణంగా అడ్డుగోడలే, కానీ తీసేముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని ఒకసారి పిలిపించి చూపించండి. పిల్లర్లు లేకుండా కట్టిన పాత ఇళ్ళలో మరీ జాగ్రత్త. అక్కడ తొమ్మిది అంగుళాల గోడలే స్లాబును మోస్తుంటాయి. హాలు పెద్దది చేద్దామని ఆ గోడ తీస్తే కప్పు కిందికి వస్తుంది.

కమోడ్ ఉన్న చోటు మార్చాలన్న ఆలోచన కూడా వీలైతే మానుకోండి. దాని 4 అంగుళాల పైపుకి వాలు కావాలి. చోటు మారితే ఆ వాలు కోసం నేల ఎత్తు పెంచాలి, అప్పుడు గడప దగ్గర మెట్టు వస్తుంది. పెద్దవాళ్ళున్న ఇంట్లో అది కోరి తెచ్చుకునే ప్రమాదం.

వాస్తు చూపించుకునే అలవాటు ఉంటే ఇప్పుడే చూపించుకోండి. మా పక్క బ్లాకులో ఒకాయన ప్లాట్‌ఫాం గ్రానైట్ అంతా వేయించాక సిద్ధాంతిని పిలిచారు. పొయ్యి ఆగ్నేయంలో లేదని మొత్తం తీయించి మళ్ళీ వేయించుకున్నారు. నమ్మకం ఉండటం లేకపోవడం మీ ఇష్టం, గ్రానైట్ రెండుసార్లు కొనడం మాత్రం వద్దు.

అసోసియేషన్‌కి ముందుగా ఒక ఉత్తరం ఇచ్చి, పగలగొట్టే పని ఏయే గంటల్లో ఉంటుందో కింది ఫ్లాటు వాళ్ళకి మీరే వెళ్ళి చెప్పండి. శిథిలాలు లిఫ్టులో కాకుండా గోతాల్లో మెట్ల మీదుగా దింపించాలి. వాటిని ఏ చెరువు గట్టునో పోయకుండా నగరపాలక సంస్థకి కబురు చేయండి. నిర్మాణ వ్యర్థాల కోసం జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ప్లాంట్లు ఉన్నాయి.

మాట కాదు, కాగితం

ధరలు ఇక్కడ రాయడం లేదు, ఆరునెలల్లో మారిపోతాయి. అడగాల్సిన ప్రశ్నలు మాత్రం మారవు. కబోర్డులకి "ఎస్సెఫ్టీకి ఇంత" అంటారు. అది ముందు వైపు కొలత. లోపల డ్రాయర్లు, చానెళ్ళు, హ్యాండిళ్ళు, పైన లాఫ్టు అందులో కలిపారా, విడిగానా? అడగకపోతే విడిగానే. ప్లైవుడ్ ఏ గ్రేడు, వైరు ఎంత మందం, వాటర్‌ప్రూఫింగ్ ఎన్ని కోటింగులు, పాతవి పగలగొట్టి కిందికి దింపే ఖర్చు ఎవరిది, అన్నీ రాయించండి. పని జరిగిన మేరకే డబ్బివ్వాలి. చివరి పది శాతం మాత్రం మీ దగ్గరే ఉంచుకుంటారని మొదటిరోజే చెప్పేయండి. అది ఎప్పుడివ్వాలో తర్వాత చెప్తాను. అనుకున్న బడ్జెట్‌లో ఆరో వంతు పక్కన పెట్టి, ఆ డబ్బు లేదనుకోండి. పాత గోడ తెరిచాక లోపల ఏం బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు.

కాలం కూడా చూసుకోవాలి. వాటర్‌ప్రూఫింగ్, ప్లాస్టరింగ్ లాంటివి ఫిబ్రవరి నుంచి మే లోపు అయితే గోడలు బాగా ఆరతాయి. కార్పెంటర్లలో, టైల్స్ వేసేవాళ్ళలో ఉత్తరాది కుర్రాళ్ళు చాలామంది ఉంటారు. హోళీకి ఊరెళ్తే ఎప్పుడొస్తారో వాళ్ళకే తెలియదు. పిల్లల పరీక్షల నెలలో గోడ కొట్టించుకోకండి. ఆ టెన్షన్ చాలు.

నీళ్ళ పని: ఇక్కడ తొందర పడితే అంతే

అన్నిటికంటే ముందు బాత్రూంలు. రెండు ఉంటే ఒకటి పూర్తిగా వాడకంలోకి వచ్చాకే రెండోది పట్టుకోవాలి, లేకపోతే ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుంది.

మా మొదటి బాత్రూంలో వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నీళ్ళు నిలబెట్టి చూద్దామన్నాను. "ఏం కాదమ్మా, ముప్ఫై ఏళ్ళ నుంచి చేస్తున్నా, నేను చూసుకుంటాగా" అన్నాడు మేస్త్రీ. టైల్స్ వాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు. సరే అన్నాను. పదిహేను రోజులకి కింది ఫ్లాటు ఆవిడ పైకొచ్చి, ఏమీ మాట్లాడకుండా ఫోన్‌లో ఫొటో చూపించింది. వాళ్ళ బాత్రూం కప్పు మీద చపాతీ అంత చెమ్మ. కొత్త టైల్స్ రెండు వరుసలు పగలగొట్టాల్సి వచ్చింది. రెండోదానికి పద్ధతి ప్రకారం వెళ్ళాం. ఆ పద్ధతి ఇది.

పాత టైల్స్ మీద కొత్తవి అతికించకుండా స్లాబు కనిపించేదాకా తీయించండి. పాత ఇనప పైపులు ఉంటే ఇదే అదను, మొత్తం సీపీవీసీకి, అంటే వేడినీళ్ళని తట్టుకునే ప్లాస్టిక్ పైపులకి, మార్చేయండి. కొత్త పైపులు గోడలో పెట్టాక చివరలకి మూతలు బిగించి, ప్రెజర్ పంపుతో నీళ్ళు ఎక్కించి ఒక రాత్రి వదిలేయాలి. పొద్దున గేజి ముల్లు దిగకుండా అలాగే ఉండాలి. అప్పుడు ఆ గోడలని, పక్కనే కొలత టేపు పట్టుకుని, ఫొటోలు తీసుకోండి. నాలుగేళ్ళ తర్వాత టవల్ రాడ్డుకి డ్రిల్ పెట్టేటప్పుడు ఆ ఫొటో విలువ తెలుస్తుంది.

గోడా నేలా కలిసే మూలల్ని సిమెంటుతో గుండ్రంగా నింపాక వాటర్‌ప్రూఫింగ్ కోటింగు వేయాలి. నేలంతా, గోడలకి అడుగు ఎత్తు వరకు, స్నానం చేసే వైపు గోడకి మనిషి ఎత్తు వరకు. మొదటి కోటు నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా. అది ఆరాక నహానీ ట్రాప్‌లో, అంటే నేల మీది నీళ్ళు బయటికి పోయే కంతలో, గుడ్డ కుక్కి మూసి, రెండు అంగుళాల నీళ్ళు నింపి, గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టండి. 48 గంటలు ఎవరూ అందులోకి వెళ్ళకూడదు. గీత కింద నీళ్ళు బాగా తగ్గినా, కింది ఇంటి కప్పు మీద చెమ్మ కనిపించినా మళ్ళీ కోటింగే. టైల్స్ వాళ్ళకి ఆ రెండు రోజుల కూలి ఇచ్చి కూర్చోబెట్టినా మీకే లాభం.

తర్వాత వాలు. ప్రతి నాలుగు అడుగులకి ఒక అంగుళం చొప్పున నహానీ ట్రాప్ వైపు దిగితే సరిపోతుంది. అంతకంటే తక్కువైతే నీళ్ళు నిలుస్తాయి, మరీ ఎక్కువైతే స్టూలు ఊగుతుంది. టైల్స్ పేర్చాక, ఇంకా జాయింట్లు నింపకముందే తలుపు దగ్గర ఒక చెంబు నీళ్ళు పోసి చూడండి. అన్నీ ట్రాప్ దగ్గరికి పరిగెత్తాలి. ఏదైనా మూల ఆగితే అప్పుడే ఆ టైలు లేపించండి.

నేలకి 12 అంగుళాల చదరం టైల్స్, గరుకువి తీసుకోండి. షాపులో మీరు చెప్పులు విప్పి, తడిచేసిన టైలు మీద కాలు పెట్టి చూడండి. సిగ్గుపడకండి. రెండడుగులు నాలుగడుగుల నున్నటి పలకలు గోడకి బాగుంటాయి. నేలకి వేస్తే వాలు సరిగ్గా కుదరదు, కాలూ నిలవదు. ఏ టైల్ తీసుకున్నా ఒక పెట్టె అదనంగా కొని దాచుకోండి. అదే రంగు మళ్ళీ దొరకదు.

పెద్దవాళ్ళ కోసం కమోడ్ పక్కన, స్నానం చేసే చోట స్టీలు పట్టుకమ్ములు పెట్టించండి. నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల మధ్య, వాళ్ళని నిలబెట్టి చెయ్యి ఎక్కడ ఆనుతుందో చూసి. గోడలో బోల్టు దిగేలా బిగించాలి. వాక్యూమ్ కప్పులతో అంటుకునేవి టవలుకి తప్ప మనిషికి పనికిరావు. కమోడ్ సీటు 17 నుంచి 19 అంగుళాల ఎత్తులో ఉంటే మోకాళ్ళ నొప్పులవాళ్ళు లేవగలరు. తలుపు బయటికి తెరుచుకోవాలి. మనిషి లోపల పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపు ఆ మనిషికే అడ్డుపడి కదలదు. గడియ కూడా బయటి నుంచి నాణెంతో తిప్పితే తెరుచుకునే రకం ఉంటుంది, అది అడగండి. ఇక బకెట్ కుళాయి ఎత్తు. మీ ఇంట్లో బకెట్ అక్కడ పెట్టి, దాని మీద చెయ్యి దూరేంత ఖాళీ వదిలి గుర్తు పెట్టండి. మనం షవర్లు కొనుక్కుంటాం గానీ స్నానం చేసేది బకెట్‌తోనే.

టెర్రస్ మనదే అనుకోవాలి

చివరి అంతస్తులో ఉంటే వేడి సగం పైనుంచే వస్తుంది. ముందు పగుళ్ళు, పిట్టగోడ మొదళ్ళు బాగుచేయించి, ఆ పైన తెల్లటి కూల్ రూఫ్ కోటింగు వేయించండి. తెలుపు ఎండని వెనక్కి కొడుతుంది, స్లాబు తక్కువ కాగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది. డబ్బు తక్కువైతే పాత పద్ధతి సున్నమే. చిక్కగా కలిపి రెండు కోట్లు వేస్తే ఆ వేసవికి పనిచేస్తుంది, వచ్చే ఏడాది మళ్ళీ వేసుకోవాలి. అసోసియేషన్‌లో మిగతావాళ్ళు "అది మీ ఫ్లాటు పైన కదా, మీరే పెట్టుకోండి" అంటారు. మాకూ అన్నారు. పెట్టుకున్నాం. ఆ మే నెలలో రాత్రి ఏసీ రెండు గంటలకే ఆపేసి ఫ్యాన్‌తో పడుకోగలిగాం.

పడమటి కిటికీలకి లోపల పరదా కంటే బయట వెదురు తెర మేలు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక ఎంత దట్టమైన పరదా వేసినా వేడి గదిలోనే ఉంటుంది.

కరెంటు: కూర్చుని లెక్కపెట్టండి

ఇరవై ఏళ్ళ కింద ఇంటికి ఒక గీజర్, ఒక కూలర్ ఉంటాయనుకుని వైర్లు వేశారు. ఇప్పుడు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. లైట్లకీ ఫ్యాన్లకీ 1.5 ఎంఎం వైరు, మామూలు ప్లగ్గులకి 2.5, గీజర్‌కీ ఏసీకీ విడివిడిగా మెయిన్ బోర్డు నుంచి 4 ఎంఎం లైను. ప్రతి లైనుకీ ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చు), వాటితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) తప్పకుండా పెట్టించండి. ఎంసీబీ కాపాడేది వైరుని. తడిచేత్తో గీజర్ తాకిన మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. అది లేని పాత బోర్డులు మన అపార్ట్‌మెంట్లలో ఇంకా చాలా ఉన్నాయి. ఎర్తింగ్ నిజంగా పనిచేస్తోందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. మూడో కన్నం ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. ఏసీలు పెంచుతుంటే కరెంటు ఆఫీసులో లోడ్ పెంచమని అర్జీ పెట్టుకోవాలి.

ప్లగ్గులు ఎక్కడ కావాలో ఎలక్ట్రీషియన్‌కి వదిలేయకండి. సుద్దముక్క తీసుకుని మీరే ఇల్లంతా తిరగండి. మంచం మీద పడుకుని చెయ్యి చాచి, అందిన చోట గీత పెట్టండి. రెండు వైపులా. వంటింట్లో మిక్సీ, గ్రైండర్, ఆర్‌వో, ఇండక్షన్, కెటిల్, ఫ్రిజ్, ఆరు పేర్లు ఆరు చోట్ల రాయండి. పొయ్యికీ సింకుకీ దూరంగా. మంచం నుంచి బాత్రూం దాకా దారిలో, మోకాలి ఎత్తున, రాత్రంతా వెలిగే చిన్న లైటు ఒకటి. మా ఇంట్లో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ పనికొచ్చింది అదే.

వంటిల్లు: వండేవాళ్ళ ఒళ్ళు కొలత

ప్లాట్‌ఫాం ఎత్తు ఎంత అని అడిగితే 33, 34 అంగుళాలు అని ఎవరైనా చెప్తారు. మీ కొలత మీరే తీసుకోండి. నిటారుగా నిలబడి మోచెయ్యి మడవండి. నేల నుంచి మోచెయ్యి దాకా ఎంత ఉందో దానిలోంచి 5 అంగుళాలు తీసేస్తే కూరలు తరగడానికి సరైన ఎత్తు. స్టవ్ ఎలాగూ దాని మీద ఇంకో నాలుగు అంగుళాలు లేస్తుంది, దాని మీద గిన్నె. పులిహోర కలిపేటప్పుడు భుజాలు లేస్తున్నాయంటే పొయ్యి దగ్గర ప్లాట్‌ఫాం ఎక్కువ ఎత్తు ఉందన్నమాట. మా ఇంట్లో పొయ్యి ఉన్న భాగాన్ని మూడు అంగుళాలు దించాం. మేస్త్రీ విచిత్రంగా చూశాడు. పండక్కి పెద్ద గిన్నె ఎక్కించాక అత్తయ్య మాత్రం అరగంట సేపు నిలబడి కలిపింది.

పొయ్యికీ సింకుకీ మధ్య కనీసం రెండడుగుల ఖాళీ గట్టు ఉండాలి. తరిగేది, వడ్డించేది, దింపిన కుక్కర్ పెట్టేది అక్కడే. ఉన్న ప్లాట్‌ఫాంలో అంత చోటు లేకపోతే సింకును మూలకి జరిపించండి. గ్రానైట్ రంగు నల్లదో ముదురు గోధుమో తీసుకోండి. తెల్లటి రాయి మీద పసుపు, ఆవకాయ నూనె పడితే ఎంత తోమినా ఛాయ ఉండిపోతుంది.

కింద అరల బదులు డ్రాయర్లు పెట్టించండి. అరలో వెనక ఉన్నదాని కోసం నేల మీద కూర్చోవాలి, డ్రాయర్ అయితే వెనకదే ముందుకొస్తుంది. కానీ సింకు కింద మాత్రం చెక్క డబ్బాలు వద్దు. ఎప్పటికైనా ఒక జాయింటు కారుతుంది, పార్టికల్ బోర్డు ఒక్క వానాకాలంలో ఉబ్బిపోతుంది. అక్కడ మన పాత కడప బండ అరలే కట్టించి ముందు తలుపులు మాత్రం పెట్టించండి. చెద పట్టదు, నాననే నానదు, కడిగేసుకోవచ్చు. నన్నడిగితే కింద భాగమంతా కడప బండతోనే చేయించి, ఒకట్రెండు చోట్ల డ్రాయర్లు పెట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది, ముప్ఫై ఏళ్ళు చూడక్కర్లేదు. రెడీమేడ్ కబోర్డులు అమ్మే మాడ్యులర్ కిచెన్ వాళ్ళు ఇది మీకు చెప్పరు.

సిలిండర్ అరకి కింద, నేలని ఆనుకుని, గాలి పోయే కంతలు ఉండాలి. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. పైన కంతలు పెట్టి లాభం లేదు. రబ్బరు పైపుని ఐదేళ్ళకోసారి మార్చండి. చిమ్నీ పెట్టిస్తే దాని గొట్టం 6 అంగుళాలది, వంపులు తక్కువగా, నేరుగా బయటికి పోవాలి. మన పోపులకి అదొక్కటే చాలదు, కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంచుకోండి. బియ్యం డ్రమ్ము కింద చక్రాల పలక ఒకటి చేయించండి, గట్టు కిందికి తోసేయొచ్చు. పచ్చడి జాడీలకి పొయ్యికి దూరంగా, చీకటిగా ఉండే కింది అర.

చెక్క పని, దాచుకునే చోటు

ప్లైవుడ్‌లో నీళ్ళు తగిలే చోట ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ (నీళ్ళని తట్టుకునే రకం), పడగ్గది బీరువాలకి ఐఎస్ 303 చాలు. ముద్ర ప్రతి షీటు మీదా ఉంటుంది, కోయకముందే చూడండి. బీరువా లోతు రెండడుగులు, అంతకంటే తక్కువైతే హ్యాంగర్లు తలుపుకి తగులుతాయి. బయట గోడకి ఆనించే బీరువా అయితే వెనక ఒక అంగుళం గాలి వదలండి. చెద మందు చెక్క పని మొదలవకముందే.

అటక మీద కొత్తగా అరలు కట్టించేముందు అటక దించండి. మా అటక మీద పదకొండు అట్టపెట్టెలు దొరికాయి, వాటిలో మూడు ఉట్టి పెట్టెలే, ఎప్పటివో మిక్సీ, టీవీ, ఇస్త్రీపెట్టెవి. గుమ్మం పక్కన చెప్పుల అర మీద కూర్చోవడానికి పలక వచ్చేలా చేయించండి, కూర్చుని చెప్పులు వేసుకోవడం 74 ఏళ్ళవాళ్ళకీ సుఖమే, బూట్లు వేసుకునే పిల్లలకీ సుఖమే. బట్టలు ఆరేయడానికి బాల్కనీ కప్పుకి తాడుతో దించుకునే కడ్డీలు పెట్టించాం. కుర్చీలు ఖాళీ అయ్యాయి.

నేల, కిటికీలు, కప్పు

పాత మొజాయిక్ ఉంటే పగలగొట్టకండి. మూడు నాలుగు విడతలు పాలిష్ పట్టిస్తే కొత్తది వేసినట్టే ఉంటుంది. తాండూరు, బేతంచర్ల బండలూ అంతే, వేసవిలో ఆ చల్లదనం టైల్స్‌కి రాదు. టైల్స్ మీద టైల్స్ వేస్తామంటే కింద డొల్ల ఉందేమో తట్టి చూడాలి, తలుపుల అడుగు కోయాలి, బాల్కనీ గడప దగ్గర మట్టం తేడా వస్తుంది. ఇవన్నీ ముందే లెక్కేసుకోండి.

ప్రతి కిటికీకీ జారుడు దోమల జాలి. చర్చ అక్కర్లేదు.

ఫాల్స్ సీలింగ్ గురించి నా అభిప్రాయం కొంతమందికి నచ్చదు. తొమ్మిదిన్నర అడుగుల కప్పున్న ఇంట్లో అది అర అడుగు తినేస్తుంది, ఫ్యాన్ కిందికి దిగుతుంది, పైన లీకేజీ వస్తే కనిపించకుండా దాచిపెడుతుంది. వద్దనుకున్నాం. ఆ డబ్బుతో బీఎల్‌డీసీ ఫ్యాన్లు వచ్చాయి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తాగితే ఇవి 30 చుట్టుపక్కల సరిపెట్టుకుంటాయి.

రంగులు ఆఖర్న

కొత్త ప్లాస్టరింగ్ మీద నాలుగు వారాలు ఆగకుండా లప్పం పెట్టించకండి, చెమ్మ లోపలే ఉండి పొరలు పొరలుగా రాలిపోతుంది. స్విచ్చుల చుట్టూ, మంచం తల దగ్గర కడిగితే పోయే రంగు వేయించండి. షేడు కార్డులో చూసి కొనొద్దు. చిన్న డబ్బా తెచ్చి గోడ మీద రెండడుగుల చదరం వేసి, పగలు ఒకసారి, రాత్రి లైట్లో ఒకసారి చూడండి.

ఆ పది శాతం

పని అయిపోయిన రోజే లెక్క తేల్చేయమంటారు. పట్టు వదలకండి. మొదటి పెద్ద వాన పడేదాకా ఆగండి. ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని కిటికీల అంచులు, కప్పు మూలలు, బీరువాల వెనక, కింది ఫ్లాటు బాత్రూం కప్పు చూసి రండి. డ్రాయర్లు అన్నీ లాగండి, గీజరూ మైక్రోవేవూ ఏసీ కలిపి వేయండి, నోటుబుక్కు తీసి ఒక్కొక్కటే కొట్టేయండి.

మా మేస్త్రీ జులై మొదటి వారంలో వచ్చాడు. అంతకు ముందురోజు రాత్రంతా వాన. డబ్బు అడగలేదు. తిన్నగా మొదటి బాత్రూంలోకి వెళ్ళి, చెంబు నింపి తలుపు దగ్గర నీళ్ళు పోసి, "చూడమ్మా" అని పక్కకి జరిగి నిలబడ్డాడు.